రోగశయ్యయందు సబరు

దీర్ఘరోగముతో మంచము పట్టినవారిని చూడబోవువారు సామాన్యముగా రెండు మూడు మాటలు సిద్ధము చేసికొని పోవుదురు. హిందువులైనచో అంతయు కర్మానుభవ మందురు. మహమ్మదీయులైనచో సబరు వహింపుము, అంతయు అల్లా సంకల్ప మందురు. చెప్పువారికి ఆ మాటలు తేలికగానే వచ్చును. వినువాని మనస్సున నవి యేమి చేయుచున్నవో విచారించువా రరుదు. విశ్వాసము రోగికి ఊతకోల యగునా, లేక రోగభారముపై మఱియొక భార మగునా యను ప్రశ్నను ఇస్లాము నాధారముగా గొని యించుక చర్చింప దలచితిమి.

అఱవదేశమున స్థిరపడిన మన కుటుంబములకు ఈ మతము పరాయిది కాదు. నాగూరు దర్గాకు మ్రొక్కుకొను గృహిణులు మనలో నేటికిని గలరు. దూదేకుల సోదరులనేకు లింట మాటలాడునది తెలుగే. ఖురానును చిలుకూరి నారాయణరావుగారు 1920లలోనే తెలుగు చేసిరి. మేము మౌల్వీలము గాము, వైద్యులమును గాము. చదివినదానిని, ఇరుగుపొరుగున చూచినదానిని బట్టి వ్రాయుచున్నాము.

సబరు అను అరబ్బీ పదమునకు మూలార్థము నిగ్రహించి నిలుపుకొనుట. వాడుకలో నది నోరు మెదపక పడియుండుట యన్నట్లు మారిపోయినది. ఖురానునం దట్లు లేదు. అయ్యూబు ప్రవక్త కథ చూడుడు. 38వ అధ్యాయమున 41వ వాక్యమున నాయన తన బాధను దైవముతో చెప్పుకొని మొఱపెట్టును. 44వ వాక్యమున నాయనయే సహనశీలి యని దైవముచే కొనియాడబడును. నడుమ నున్నవి రెండే వాక్యములు. అందు మొదటిదానిలో కాలితో నేలను తాటింపుమనియు, స్నానమునకును పానమునకును చల్లని నీరు లభించుననియు ఆదేశము. అనగా మొఱపెట్టుటయు, ఉపశమనము పొందుటయు సహనమునకు భంగములు కాలేదు. యాకూబు ప్రవక్త చక్కని సహనము వహింతునని చెప్పిన మరుసటి వాక్యముననే దుఃఖముచే నాయన కన్నులు తెల్లబడిపోయినవని యున్నది. మహమ్మదు ప్రవక్త తన పసిబిడ్డ ఇబ్రహీము మరణించినపుడు కన్నీరు విడువగా, చుట్టునున్నవారు ఆశ్చర్యపడిరట. అది హృదయమునందలి కరుణ యని యాయన సమాధానము.

హదీసులలో నొక కథ మమ్ము చాలకాలము ఆలోచింపజేసినది. ప్రవక్త జ్వరపీడితుడైన యొక ఎడారివాసిని చూడబోయి, భయము లేదనియు, ఇది పాపక్షాళనము కాగలదనియు ఓదార్చెను. ఆ వృద్ధు డంగీకరింపలేదు. క్షాళనమును కాదు, గిళనమును కాదు, ముసలివానిపై మఱగుచున్న జ్వరమిది, గోరీకి చేర్చునదే యని తెగవేసెను. అట్లయిన నట్లే కానిమ్మని ప్రవక్త ఊరకుండెను. వ్యాఖ్యాత లనేకులు ఇందు వృద్ధుని నిరాశకు మందలింపు చూతురు. కావచ్చును. మాకు మాత్రము మఱియొకటి కూడ కనబడుచున్నది. రోగి కాదన్న ఓదార్పును ఆయన మరల మరల చెప్పి రుద్దలేదు.

మా యభిప్రాయము నిచ్చటనే స్పష్టముగా చెప్పుదుము. సబరు రోగి తన కొఱకు తాను సాధించుకొనునది. ఆరోగ్యవంతుడు మంచము ప్రక్కన నిలిచి ఆజ్ఞాపించునది కాదు. ఆరోగ్యవంతునికి ఇస్లాము విధించిన పని వేఱుగ నున్నది, అది పరామర్శ. తీర్పునాడు దైవము మానవునితో, నేను రోగినై యుండగా నీవు నన్ను చూడరాలేదేమని ప్రశ్నించునట్లును, ఫలానా దాసుడు వ్యాధిగ్రస్తుడై యుండగా నీవు పోయియుండినచో నచ్చట నేనే యుండెడివాడ ననునట్లును ఒక హదీసు గలదు. ఆ ప్రశ్న వేయబడునది రోగిని కాదు.

ఇక విశ్వాసము రోగి మనస్సునకు చేయు మేలు సామాన్యము కాదు. ఆసుపత్రి మంచముపై సోమవారమునకును శుక్రవారమునకును భేద ముండదు. ఐదు వేళల నమాజు ఆ దినమునకు మెట్లు కట్టును. ఆ విధియు రోగి యెత్తునకు వంగి వచ్చును. నీరు తగులరానివాడు శుభ్రమైన మట్టితో తయమ్ముము చేసికొనవచ్చును. నిలువలేనివాడు కూర్చుండి, కూర్చుండలేనివాడు ప్రక్కపై పరుండి ప్రార్థింపవచ్చును. రంజాను ఉపవాసము కోలుకొనిన పిదప చెల్లింపవచ్చును. కోలుకొను ఆశ లేనివాడు పేదకు అన్నము పెట్టిన చాలును. అయినను ఈ సడలింపు లెఱుగక, లేక యెఱిగియు మనసొప్పక, మధుమేహముతో నుపవాస ముండి ప్రాణము మీదికి తెచ్చుకొనువారు గలరు. ప్రేగునకు శస్త్రచికిత్సయై పొట్టపై సంచి యమర్చబడినవారు తాము అపవిత్రులమైతిమని నమాజు మానుకొని లోలోన కుములుదురు. మలమూత్రములను నిలుపుకొనలేని రోగికి ధర్మశాస్త్రము మినహాయింపు నిచ్చియే యున్నది. ఆ సంగతి తెలిసిన యిమాము ఒక్కమారు వచ్చి చెప్పిన, నిద్రమాత్ర చేయలేని పని జరుగును.

విశ్వాసము గాయము చేయు సందర్భమును గలదు. రోగము దైవశిక్ష యని తలచుటయే యది. 2001లో అమెరికాలో పార్గమెంట్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును సుమారు 600 మంది వృద్ధరోగులపై జరిపిన పరిశీలనను ప్రకటించిరి. దైవము తమను విడనాడెనని, తమపై ప్రేమ లేదని వేదన చెందినవారిలో మరణము లెక్కువగా నున్నట్లు తేలెను. ఆ రోగులలో అధికులు క్రైస్తవులే కాని, ఆ వేదనకు మతభేద ముండునని మేము తలపము.

విధి యున్నపుడు వైద్యమేల యను వాదము క్రొత్తది కాదు. 639 ప్రాంతమున సిరియా దేశమున మహామారి చెలరేగగా ఖలీఫా ఉమరు దారినుండియే వెనుదిరిగెను. దైవనిర్ణయమునుండి పారిపోవుదువా యని అబూ ఉబైదా ప్రశ్నింపగా, అవును, ఒక దైవనిర్ణయమునుండి మఱియొక దైవనిర్ణయమునకే పోవుచున్నానని ఉమరు బదులు చెప్పెనట. వెనుకకు రాని అబూ ఉబైదా ఆ వ్యాధితోనే మరణించెను. 934లో గతించిన అబూ జైదు అల్ బల్ఖీ మఱియొక యడుగు ముందుకు వేసెను. వైద్యులు దేహమును మాత్రమే చూచి మనస్సును విడచుచున్నారని ఆక్షేపించి, రెంటికిని కలిపి గ్రంథము వ్రాసెను. ఇంట మందులు దాచుకొనునట్లు, ఆరోగ్యముగా నున్నపుడే మంచి తలంపులను మనస్సున దాచుకొని, దుఃఖము వచ్చినపుడు వానిని తీసికొనవలె నని యాయన సలహా.

ఇంతటి సంప్రదాయ ముండియు మన రామనాథపురము జిల్లాలోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న జరిగినది మరవరాదు. దర్గాను నమ్మి తేబడిన మనోరోగులను ఒక ప్రైవేటు ఆశ్రయమున గొలుసులతో కట్టియుంచగా, నిప్పంటుకొని 28 మంది మరణించిరి. పారిపోవుటకు కాళ్లకు వీలు లేకపోయెను. గుజరాతులో ఉనావా గ్రామమునందలి మీరా దాతారు దర్గాలో 2008లో దవా, దువా యను పద్ధతి యారంభ మాయెను. మ్రొక్కుకొన వచ్చిన రోగిని ముజావరే వైద్యుని యొద్దకు పంపును. ఇటువంటి యేర్పాటు పిమ్మట ఏర్వాడిలోను కల్పింపబడినది. తాయెత్తు విప్పుమని వైద్యు డనడు, మాత్ర మింగవలదని ముజావ రనడు.

పరామర్శకు పోయిన ముసల్మానులలో నొక మంచి యాచారము చూచితిమి. కొంచెముసేపే కూర్చుందురు. లేచునపుడు రోగిని తమ కొఱకు ప్రార్థన చేయుమని యడుగుదురు. నెలల తరబడి యందఱియొద్దను పుచ్చుకొనుచున్న ఆ చేతులు, అపుడు వేఱొకరి కొఱకు పైకి లేచును.