కొలిచినవాడి బాధ్యత

చుట్టాలకు నయాగరా చూపించడానికి వెళ్తూ మనలో చాలామంది హామిల్టన్ ఊరు దాటినవారే. అక్కడి మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 1939లో చేరిన రసాయన శాస్త్రజ్ఞులు హ్యారీ థోడ్ (1910–1997) పేరు మాత్రం కొద్దిమందే విని ఉంటారు.

ఒకే మూలకం, ఒకే రసాయన గుణం, బరువులో మాత్రం తేడా: అవే ఐసోటోపులు. ఆ తేడాను తూచే మాస్ స్పెక్ట్రోమీటరును నిర్మించుకుని, గంధకం ఐసోటోపులనుబట్టి పురాతన శిలల చరిత్ర చదివారాయన. చంద్రుడి నుంచి తెచ్చిన రాళ్ళనూ పరీక్షించారు. అయితే యుద్ధకాలంలో, కెనడా అణుశక్తి పథకం కోసం, యురేనియం చీలినప్పుడు పుట్టే వాయువులను కొలిచిందీ ఆయనే. యుద్ధం ముగిశాక, థైరాయిడ్ జబ్బులకు రేడియో అయొడిన్ వాడకాన్ని ఈ దేశంలో మొదలుపెట్టినవారిలోనూ ఆయన ఒకరు. 1959లో ఆ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే రియాక్టర్ వెలిసింది.

ఆ అయొడిన్‌ను నేనూ రోగులకు ఇస్తుంటాను. ఒకసారి మన తెలుగు పెద్దావిడ ఒకరు, "నాయనా, ఇది బాంబు మందేనటగా?" అని అడిగారు. "అబ్బే, కాదండీ" అనేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను చెప్పింది అబద్ధం. బాంబు పేలినప్పుడు రాలేదీ, రియాక్టర్లో తయారయ్యేదీ ఒకటే అయొడిన్-131. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత పాలతోపాటు పిల్లల గొంతుల్లో చేరి క్యాన్సర్ తెచ్చిందీ అదే. మంచి అయొడిన్, చెడ్డ అయొడిన్ అని థైరాయిడ్ గ్రంథికి తేడా తెలియదు.

"కత్తికి పాపమేముంది, పట్టిన చేతిదే పాపం" అంటాం. అది మనల్ని మరీ సులువుగా వదిలేసే మాట. కత్తి నూరినవాడికి అది ఎవరి చేతికి వెళ్తుందో తెలిస్తే, అతనికి అందులో పాలు లేదా? థోడ్‌గారి వైద్యసేవ యుద్ధకాలపు పనిని చెరిపేస్తుందనీ, ఆ పని ఈ సేవను మైలపరుస్తుందనీ నేను అనుకోను. ఒక పద్దుకింద రెండో పద్దు రాయవచ్చు, మొదటిదాన్ని కొట్టివేయలేం.

రెండోసారి ఆవిడ వచ్చినప్పుడు నిజం చెప్పాను. కాసేపు ఆలోచించి, "కొలిచే ఇస్తావా?" అన్నారు.

"కొలిచే ఇస్తానండీ. ఎనిమిది రోజులకు సగం తగ్గిపోతుంది."

"మనవణ్ణి ఎన్నాళ్ళు ఎత్తుకోకూడదు?"

లెక్కవేసి చెప్పాను. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. అయినా మందు మింగారు.

జ్ఞానం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కాని కొలిచినవాడు కొలతతోనే ఆగిపోకూడదు. అది ఎవరి ఒంట్లోకి వెళ్తుందో వారి ఎదుట నిలబడి, నిజం చెప్పాలి. నేను మొదటిరోజు తప్పించుకున్నది అదే.