తృణీకరించే ముందు

ఎవరినైనా లెక్కచెయ్యకపోతే ‘తృణీకరించారు’ అంటాం. అంటే గడ్డిపోచ కింద జమకట్టారని అర్థం. బాగా చివాట్లు వేస్తే ‘గడ్డి పెట్టారు’. డబ్బుకు ఆశపడి చెయ్యరాని పని చేస్తే ‘గడ్డి కరిచారు’. మన భాషలో గడ్డికి దక్కిన మర్యాద ఇదీ! వినాయకుడి పూజకు గరిక కావాలి, తద్దినానికి దర్భలు కావాలి, ఎండాకాలం కిటికీలకు వట్టివేళ్ళ తడకలు కావాలి కాబట్టి వాటి పేర్లు మాత్రం గుర్తుంచుకున్నాం. తక్కినదంతా ఒట్టి గడ్డి.

ఇందులో తప్పేముంది అంటారా? రోజూ కంటికెదురుగా ఉన్నదాన్ని ఇది ఫలానా అని పోల్చుకోలేకపోవడం ఒట్టి తెలియనితనమేనా, లేక అందులో పిసరంత అన్యాయం కూడా ఉందా అని నాకో ధర్మసందేహం. అది పుట్టింది అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలో, అమ్మాయి దగ్గర ఆరు నెలలున్నప్పుడు.

వాళ్ళింటికి దగ్గర్లో ప్రెయిరీ ముక్క ఒకటి కాపాడి ఉంచారు. ప్రెయిరీ అంటే చెట్లు పెద్దగా లేకుండా నిలువెత్తు గడ్డీ, మధ్యమధ్య పూలమొక్కలూ ఉండే మైదానం. ఒకప్పుడు ఆ రాష్ట్రంలో సుమారు 2 కోట్ల 20 లక్షల ఎకరాలు అదే. ఇప్పుడు చెక్కుచెదరకుండా మిగిలింది దాదాపు 2,500 ఎకరాలు. తూర్పునుంచి బళ్ళు కట్టుకుని వచ్చినవాళ్ళకు అది ఖాళీ నేలగా కనిపించింది. తరతరాలుగా అక్కడ బతుకుతున్న పొటావాటమీ, కికపూ జాతులవాళ్ళకు అది ఖాళీ కాదు గానీ, ముందు వాళ్ళనే వెళ్ళగొట్టారు. 1837లో జాన్ డీర్ అనే కమ్మరి జిగటమట్టి అంటుకోని ఉక్కు నాగలి చేశాడు. ఇక అడ్డేముంది? ఇప్పుడు ఎటు చూసినా మొక్కజొన్న, సోయాచిక్కుడు. అసలు ప్రెయిరీ రైలుపట్టాల పక్కనా, పాత శ్మశానాల్లోనూ కాస్త కాస్త మిగిలింది. నాగలి వెళ్ళని చోట్లన్నమాట.

ఆ ముక్కలో కొత్తవాళ్ళకు గడ్డి పోల్చుకోవడం నేర్పుతుంటే నేనూ వెళ్ళేదాన్ని. మొదటి పాఠం చాలా సులువు. కాడను రెండు వేళ్ళ మధ్య పెట్టి దొర్లించాలి. మూడు పలకలుగా తగిలితే అది అసలు గడ్డే కాదు, మన తుంగ జాతి. గుండ్రంగా ఉండి కణుపులు తగిలితే గడ్డి. తరవాత, ఆకు కాడను వదిలి పక్కకు వంగేచోట లోపలివైపు చూడాలి. నాలికలాంటి చిన్న పొర ఉంటుంది. స్విచ్ గ్రాస్‌కు అక్కడ నూగులా వెంట్రుకలు. ఇది మన వరిగలకు దగ్గర చుట్టం. ఇండియన్ గ్రాస్‌కు అదే చోట రెండు బుల్లి కొమ్ములు నిక్కి ఉంటాయి. (ఆ ఇండియన్లు అక్కడి ఆదివాసులు, మనం కాదు.) దీని లాటిన్ పేరుకు జొన్నను పోలినదని అర్థం. బిగ్ బ్లూస్టెమ్ కంకి మూడు పాయలుగా చీలి టర్కీ కోడి పాదంలా ఉంటుంది. మనిషిని మించి పెరుగుతుంది, వేళ్ళు పదడుగుల లోతుకు దిగుతాయి. ప్రెయిరీ డ్రాప్‌సీడ్ మరీ తమాషా. పూతకొచ్చినప్పుడు దాని వాసన కొందరికి పేలాల్లా, కొందరికి ధనియాల్లా ఉంటుంది. నా ముక్కుకు ధనియాలే. బియ్యంలో మట్టిబెడ్డలు ఏరిన కళ్ళకూ, పోపు వేగిందో లేదో పక్కగదిలోంచి చెప్పే ముక్కుకూ ఈ విద్య కష్టం కాదు సుమండీ!

ఒక్కటే షరతు. గడ్డిని కంకి వెయ్యనివ్వాలి.

మా అల్లుడు శనివారం శనివారం మిషను పెట్టి ఇంటిముందు గడ్డి కత్తిరిస్తాడు. ఊరుకుంటే వీల్లేదు, అక్కడ చాలా ఊళ్ళలో గడ్డి ఇన్ని అంగుళాలు దాటితే జరిమానా. అలా ఇళ్ళముందు ఎక్కువగా పెంచేది కెంటకీ బ్లూగ్రాస్. పేరులో కెంటకీ ఉన్నా దాని పుట్టిల్లు యూరప్! కత్తిరించిన గడ్డిని చూసి ఇది ఫలానా అని చెప్పడం ఆరితేరినవాళ్ళకే కష్టం. నా సందేహం ముదిరింది అక్కడే. మన ఇళ్ళలో ఈ కత్తిరింపు లేదూ? కొత్తకోడలు నోరు విప్పబోతే ‘నీకు తెలీదులే’. పాడబోతే ‘ఇప్పుడవన్నీ ఎందుకమ్మా’. చదువుకుంటానంటే ‘పిల్లలు పెద్దవాళ్ళవనీ’. ఇరవై ఏళ్ళు ఇలా వారంవారం కత్తిరించి, ఆపైన ‘పాపం, ఆవిడకి వంట తప్ప ఏమీ రాదండీ’ అంటారు. రాదని వీళ్ళకెలా తెలిసిందో! పనిమనిషి సంగతి సరేసరి. పదేళ్ళుగా గిన్నెలు తోముతున్న మనిషి పేరు తెలియని ఇళ్ళు నాకు తెలుసు.

పోనీ, పేరు తెలిస్తే చాలా? చాలదు. బ్లూస్టెమ్ పశువులకు మంచి మేత అని తెలిసిన రైతులే దాన్ని దున్నేశారు. అన్నిటి పేర్లూ నేర్చుకుంటూ కూర్చుంటే ఇల్లు గడవదన్న మాటా నిజమే. అయినా దున్నేది దేన్నో తెలిస్తే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుందేమో, ఆ క్షణానికి విలువ ఉందంటాను నేను. లేదనేవాళ్ళూ ఉన్నారు. మావారు ఆ కోవే.

ఆగ్నెస్ చేజ్ అని ఒకావిడ 1869లో ఆ ఇల్లినాయ్‌లోనే పుట్టింది. చదువు చిన్నతరగతులతోనే ఆగిపోయింది. పెళ్ళయిన ఏడాదికే భర్త పోయాడు. పత్రికలో ప్రూఫులు దిద్దుకుంటూ, తీరిక దొరికితే మొక్కల బొమ్మలు వేసుకుంటూ ఉండేది. 1903లో వాషింగ్టన్‌లో వ్యవసాయశాఖకు బొమ్మలు వేసే ఉద్యోగంలో చేరి, చివరికి గడ్డిజాతుల విషయంలో ఆవిడ మాటే ప్రమాణం అనిపించుకుంది. ఆడమనిషని పనామా పరిశోధనకు తీసుకెళ్ళకపోతే, తరవాత బ్రెజిల్‌కు తనే వెళ్ళి నమూనాలు తెచ్చింది. ఆడవాళ్ళ ఓటుకోసం జైలుకూ వెళ్ళింది. 1922లో ఓనమాలు దిద్దేవాళ్ళ కోసమే గడ్డిమీద పుస్తకం రాసింది. 1939లో రిటైరయ్యాక కూడా జీతం లేకుండా ఆ పనే చేస్తూ వచ్చింది. 1958లో, ఆవిడకు 89 ఏళ్ళప్పుడు, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

మీరూ పిల్లల దగ్గరకని ఆ వైపు వెళితే ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో ప్రెయిరీకి తీసుకెళ్ళమనండి. అంతకు ముందయితే అంతా ఒకే పచ్చదనంగా ఉంటుంది. పిడుదులుంటాయి, కాళ్ళు నిండా కప్పుకోండి. వెళ్ళే పని లేదంటారా, మీ వీధిలో ఇల్లు కట్టని ఖాళీ స్థలం ఒకటి ఉండే ఉంటుంది. వినాయకచవితికి గరికకోసం ఎలాగూ అక్కడ వంగుతారు కదా, పక్కనున్న కాడను కూడా ఒకసారి వేళ్ళ మధ్య దొర్లించి చూడండి.