ఆ పిసరు తేడా ఎవరు మోయాలి?

శనివారం సాయంత్రాలు మా విచారణ దేవాలయంలో ఆదివారం పూజకు పాటల సాధన జరుగుతుంది. హార్మోనియం దగ్గర నేను కూర్చుంటాను. బడిపంతులుగా రిటైరైన దగ్గరనుంచి నాకు మిగిలిన ఉద్యోగం అదొక్కటే. గాయక బృందంలో ఇంటర్ చదివే కుర్రవాడొకడు కొత్తగా గిటారు కొనుక్కున్నాడు. పోయిన తపస్కాలంలో ఒక సాయంత్రం వాడు అరగంటసేపు బిరడాలు తిప్పుతూనే ఉన్నాడు. ఆడపిల్లలు విసుక్కుంటున్నారు. తబలా అబ్బాయి గడియారం చూస్తున్నాడు.

"ఏమైందిరా?" అన్నాను.

"మాస్టారూ, ఈ మేజర్ కమ్మగా పలికేటట్టు మూడో తీగ సరిచేశానండీ. అక్కడినుంచి సీ మేజర్‌కి వెళితే అదే తీగ దిగిపోయినట్టు వినిపిస్తోంది. సీకి సరిచేస్తే ఈ చెడిపోతోంది. గిటారు మంచిది కాదంటారా?"

గిటారు మంచిదే. వాడి చెవి ఇంకా మంచిది. చాలామందికి ఆ తేడా వినిపించనే వినిపించదు. "రెంటికీ కొంచెం కొంచెం తగ్గించి మధ్యలో ఆపు, ఫోనులో శ్రుతి చూపించే యాప్ కూడా అదే చెబుతుంది" అని ఆ పూటకు సర్దిచెప్పాను. సాధన జరిగిపోయింది. కానీ ఇంటికి నడిచి వస్తుంటే వాడి ప్రశ్న నా వెంటే వచ్చింది. దానికి కారణం సంగీతం కాదు.

లెక్కలంటే భయపడే చదువరులు ఒక్క పేరా ఓపిక పట్టాలి. తీగను సరిగ్గా సగానికి నొక్కి మీటితే పై స్థాయి షడ్జం పలుకుతుంది. మూడింట రెండు వంతులు పలికిస్తే పంచమం వస్తుంది. ఇవి రెండూ చెవికి అన్నిటికంటె హాయిగా కలిసే స్వరాలు. ఇప్పుడు ఆ పంచమాన్నే షడ్జంగా పెట్టుకొని దాని పంచమానికి, మళ్ళీ దాని పంచమానికి, అలా పన్నెండు మెట్లు ఎక్కామనుకోండి. పన్నెండు స్వరాలూ చుట్టి, బయలుదేరిన షడ్జానికే ఏడు స్థాయిల పైన చేరుకోవాలి. కానీ చేరుకోము. పన్నెండు ఒకటిన్నరలను హెచ్చవేస్తే దాదాపు 129.75 వస్తుంది. ఏడు రెండ్లను హెచ్చవేస్తే 128. పైన మిగిలిన ఆ కాస్త తేడాను పైథాగరస్ పేరుతో పిలుస్తారు. ఒక అరస్వరాన్ని వంద భాగాలు చేస్తే ఈ తేడా సుమారు 24 భాగాలు. వినే చెవికి అది చిన్నది కాదు.

లెక్క బాగా చేస్తే ఈ తేడా పోతుందా? పోదు. మూడును ఎన్నిసార్లు మూడుతో హెచ్చవేసినా బేసి సంఖ్యే వస్తుంది. రెండును ఎన్నిసార్లు రెండుతో హెచ్చవేసినా సరి సంఖ్యే. బేసి ఎన్నడూ సరి కాదు. అందుచేత ఆ మిగులు వాయిద్యం చేసినవాడి తప్పు కాదు, శ్రుతి చేసినవాడి తప్పూ కాదు. అది సృష్టిలోనే ఉంది. పన్నెండు స్వరాలు ఒక కప్పు కింద కాపురం చేయాలంటే ఆ పిసరు తేడాను ఎవరో ఒకరు మోయక తప్పదు.

మన తంబురాకు ఈ బాధ లేదని సంగీతం తెలిసినవారు అంటారు. నిజమే. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం, ఈ నాలుగు తీగలే. బిరడాలతో దగ్గరకు తెచ్చి, పూసలు జరిపి, జీవాళి దారం సర్దితే తీగలన్నీ ఒక్క షడ్జానికే అంకితమైపోతాయి. కచేరీ మొదలైనప్పటినుంచి ముగిసేదాకా ఆ షడ్జం కదలదు కాబట్టి స్వచ్ఛమైన పంచమం నిలబడుతుంది. మఠంలో ఒకే వ్రతానికి కట్టుబడినవారి జీవితంలా ఉంటుందది. గిటారుకు, పియానోకు, హార్మోనియానికి ఆ భోగం లేదు. అక్కడ ఈ పాటకు ఒక స్వరం ఆధారం, వచ్చే పాటకు ఇంకొకటి. ప్రతి స్వరానికీ ఏదో ఒకనాడు ఇంటి పెద్ద అయ్యే హక్కు ఉంది. గొడవంతా ఆ హక్కు దగ్గరే మొదలవుతుంది. సంసారులకు వేరే చెప్పాలా?

పూర్వం ఐరోపాలో గుళ్ళలోని ఆర్గన్లకు శ్రుతి చేసేవారు ఈ చిక్కును ఒక పద్ధతిలో దాటారు. ఎక్కువగా వాడే స్వరాల కలయికలు తియ్యగా ఉండేటట్టు పదకొండు పంచమాలను దాదాపు స్వచ్ఛంగా ఉంచారు. దానివల్ల పేరుకున్న తేడా మొత్తాన్ని పన్నెండో పంచమం మీదికి తోసేశారు. ఆ ఒక్కటీ అరస్వరంలో మూడో వంతు కంటె ఎక్కువగానే తప్పి పలికేది. దాని అరుపు విని దానికి 'తోడేలు' అని పేరు పెట్టారు. ఇంగ్లాండులో 19వ శతాబ్దం మధ్యదాకా ఈ పద్ధతి వాడిన ఆర్గన్లు ఉన్నాయి. మరి తోడేలు ఉన్న వాయిద్యంతో అంతకాలం ఎలా వేగారంటే, ఉపాయం సులువే. అటువైపు వెళ్ళకపోవడం. ఆ పంచమం తగిలే పాటలు రాయరు, వాయించరు. మిగిలిన పదకొండూ ఎంతో హాయిగా ఉండేవి.

ఈ సంగతి నేను చదివి చాలా ఏళ్ళయింది. వింతగా ఉందనుకొని ఊరుకున్నాను. ఆ శనివారం రాత్రి మాత్రం మా ఊరి ఇల్లు గుర్తుకొచ్చింది.

మేము నలుగురం. నేను పెద్దవాణ్ణి. తమ్ముళ్ళిద్దరిలో ఒకడు హైదరాబాదులో, ఒకడు బెంగుళూరులో. చెల్లెలు ఊళ్ళో అమ్మ దగ్గర ఉంటుంది. భర్త పోయాక పిల్లవాడితో పుట్టింటికి వచ్చింది. అమ్మకు ఎనభై ఆరేళ్ళు. ఆరేళ్ళుగా మతిమరుపు ముదిరింది. రాత్రి రెండు గంటలకు లేచి పొలానికి అన్నం పంపాలంటుంది. స్నానం చేయించబోతే కొడుతుంది. ఇవన్నీ చెల్లెలు చూస్తుంది. మేము ముగ్గురం క్రిస్మసుకూ ఈస్టరుకూ వెళ్ళి, అమ్మ చెయ్యి పట్టుకొని కూర్చొని, "అమ్మ ఎంత ప్రశాంతంగా ఉందో!" అనుకొని వచ్చేస్తాం. అన్నదమ్ముల మధ్య మాట పొరపొచ్చాలు లేవు. ఆస్తి తగాదాలు లేవు. మా కుటుంబం ఐకమత్యం గురించి ఊళ్ళో చెప్పుకుంటారు కూడా.

పోయిన ఏడాది చెల్లెలు ఫోనులో గట్టిగా అరిచింది. "నేను మనిషిని కానా అన్నయ్యా?" అంది. దానికి కోపం ఎక్కువైందనీ, ఊళ్ళో ఒంటరిగా ఉండి అలా తయారైందనీ మేము ముగ్గురం మాట్లాడుకున్నాం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. మా ముగ్గురి శ్రుతీ అంత కమ్మగా ఉండడానికి కారణం ఏమిటో నాకు అప్పుడు తట్టలేదు. తోడేలు స్వభావంలో తప్పేమీ లేదు. దానిది కూడా పంచమమే. పదకొండు పంచమాల మిగులు తన మీద పెడితే ఏ పంచమమైనా అలాగే అరుస్తుంది.

అమ్మ ముసలితనం ఎవరి నేరమూ కాదు. ఆ మాట మనం చాలా తొందరగా అంటాం. నేరం ఎవరిదీ కానప్పుడు బాధ్యత కూడా ఎవరిదీ కాదన్నట్టు అంటాం. నాకు తోచినంతలో అది తలక్రిందుల మాట. ఒకరి తప్పువల్ల వచ్చిన బరువైతే ఆ ఒకరినే మోయమనవచ్చు. ఎవరి తప్పూ కానిదాన్ని ఒక్కరి మీద పెట్టడానికి ఏ న్యాయమూ ఒప్పుకోదు. నిర్గమకాండములో మోషే పొద్దుటినుంచి సాయంత్రందాకా ఒంటరిగా ప్రజల తగవులు తీరుస్తుంటే, మామ యిత్రో చూసి ఇది మంచి పని కాదన్నాడు. అల్లుడి ఓర్పును మెచ్చుకొని ఇంటికి వెళ్ళిపోలేదు. మనమైతే మెచ్చుకుంటాం. "ఆవిడ ఓర్పే ఓర్పు" అంటాం. మా విచారణలో గుడి ఊడ్చేది కూడా ఏళ్ళ తరబడి ఆ ఇద్దరమ్మలే. ప్రతి ఏడూ పండుగనాడు వారికి శాలువ కప్పుతాం, చీపురు మాత్రం పట్టుకోము.

చైనా రాజకుమారుడు ఝూ జైయూ 1584లో ఆ తేడాను పన్నెండు స్వరాలకూ సమానంగా పంచే లెక్క కట్టి చూపించాడు. ప్రతి పంచమమూ అరస్వరంలో రెండు వందోవంతులు తగ్గుతుంది, అంతే. తోడేలు ఉండదు. మన హార్మోనియం, గిటారు మెట్లు, ఫోనులోని యాప్, అన్నీ ఈ లెక్క మీదే నడుస్తున్నాయి. ఐతే దీనికి కూడా వెల ఉంది. ఏ ఒక్క పంచమమూ ఇక స్వచ్ఛం కాదు. గాంధారమైతే అరస్వరంలో 14 వందోవంతులు ఎక్కువే పలుకుతుంది. మా కుర్రవాడి చెవిని గుచ్చింది అదే. శ్రుతులు సరిగా పలకవనీ, గమకాలు రావనీ ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ నిషేధం సాగింది. హార్మోనియం వాయించేవాణ్ణి నేనే చెబుతున్నాను, అది పూర్తిగా అన్యాయమైన మాట కాదు.

కాబట్టి సమానంగా పంచితే చాలా? మా ఇంట్లో ప్రయత్నించాం. ఈస్టరు తరువాత తమ్ముళ్ళతో మాట్లాడాను. ఏడాదికి పన్నెండు నెలలు, నలుగురం, తలా మూడు నెలలు. కాగితం మీద ఎంతో బాగుంది. కానీ బెంగుళూరు తమ్ముడిది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. భార్యాభర్తలిద్దరూ ఎనిమిదింటికి వెళితే రాత్రికి వస్తారు. అక్కడ అమ్మను ఉంచడమంటే ఆమెను తాళం వేసి పెట్టడమే. సమానమనే మాట అమ్మ మీద పడి అమ్మే తోడేలయ్యేది.

సమానంగా పంచడం ఒక్కటే దారి కాదని తెలిసినవారు ఉన్నారు. జర్మనీ ఆర్గన్ విద్వాంసుడు వెర్క్‌మైస్టర్ 1691లో అచ్చువేసిన పుస్తకంలోని పద్ధతులు ఆ కోవవే. అక్కడ తేడాను అందరికీ ఒకే కొలతలో పంచరు. కొన్ని పంచమాలు మోస్తాయి, కొన్ని మోయవు. కానీ ఏ స్వరాన్ని ఆధారంగా పెట్టుకున్నా వాయించవచ్చు, ఎక్కడా అరుపు ఉండదు. మా దేవాలయం ఎదుట సైకిలు షాపతనికి ఈ పుస్తకాలతో పనిలేదు. వంకర పోయిన చక్రాన్ని తిప్పుతూ, పుల్లలను ఒక్కొక్కటి వేలితో మీటి చూసుకుంటాడు. వంకర ఉన్నచోట ఒక్క పుల్లనే బలంగా బిగించడు. దానికి అటూ ఇటూ ఉన్నవాటిని కొంచెం బిగించి, ఎదుటివాటిని కొంచెం వదులు చేస్తాడు. "ఒక్కదాన్నే బిగిస్తే నాలుగు రోజుల్లో అదే తెగుద్ది సార్" అన్నాడు.

చివరకు కుదిరిన ఏర్పాటు ఇది. బెంగుళూరు తమ్ముడు నెలనెలా డబ్బు పంపుతాడు. దానితో ఊళ్ళో పగటిపూట ఒక ఆయాను పెట్టాం. హైదరాబాదు తమ్ముడు నెలకు రెండు శని ఆదివారాలు వచ్చి ఉంటాడు. వేసవిలో రెండు నెలలు, చలికాలంలో రెండు నెలలు అమ్మ మా ఇంట్లో.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. పాత ఆర్గన్ పద్ధతిలో కొన్ని తీగ వాయిద్యాలకు శ్రుతి చేసేవారు, అవసరాన్నిబట్టి ఒకటి రెండు తీగలు మార్చి తోడేలును ఒక చోటినుంచి ఇంకో చోటికి తోలేవారట. అమ్మను తీసుకువచ్చిన మొదటి వారం నేను చేసిన పని అదే. స్నానం, బట్టలు, అన్నం, మందులు, రాత్రి మెలకువలు అన్నీ నా భార్య చేతిలో పెట్టి, 'అమ్మను నేను చూసుకుంటున్నాను' అని చెల్లెలికి ఫోనులో చెప్పాను. ఎనిమిదో రోజు తెల్లవారుజామున నా భార్య వంటింట్లో గోడకు ఆనుకొని నిలబడే నిద్రపోతూ కనిపించింది. ఏమీ అనలేదు. అరవని తోడేళ్ళు కూడా ఉంటాయి కాబోలు.

ఆ రోజునుంచి రాత్రులు నావి. మంచం అమ్మ గదిలోకి మార్చుకున్నాను. మొన్న రెండు గంటలవేళ అమ్మ లేచి కూర్చుంది. నన్ను పోల్చుకోలేదు. చీకట్లో చేత్తో తడుముతూ, "చిన్నమ్మాయి ఏదయ్యా?" అని అడిగింది.

"నిద్రపోతోందమ్మా" అన్నాను.

"పోనీలే, లేపకు" అని పడుకుంది.