మూడోసారి వచ్చిన నీళ్ళు

పదిహేనేళ్ళ పాత కారుకి కూలెంట్ మార్చమని షెడ్డులో ఇస్తే ఆ పని రెండు రకాలుగా జరగొచ్చు.

మొదటి రకంలో ముందు ఇంజన్ పూర్తిగా చల్లారాలి. రేడియేటర్ అడుగున డ్రెయిన్ తిప్పి పాత కూలెంట్ దింపాలి. దాంతో అయిపోదు, ఇంజన్ బ్లాక్‌లో, హీటర్ గొట్టాల్లో చాలానే మిగిలి ఉంటుంది. శుభ్రమైన నీళ్ళు నింపి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఇంజన్ నడిపి, మళ్ళీ చల్లార్చి, మళ్ళీ దింపాలి. తుప్పు రంగు పోయి నీళ్ళు తేటగా వచ్చేదాకా ఇదే తంతు. ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్ కలిపిన కొత్త కూలెంట్ పోసి, లోపల చిక్కుకున్న గాలి తీసెయ్యాలి. ఒక పూట పడుతుంది.

రెండో రకంలో రేడియేటర్ వరకే ఖాళీ చేసి, పైనుంచి కొత్త కూలెంట్ పోస్తారు. తక్కువైతే బోరు నీళ్ళు. అరగంటలో పని అయిపోతుంది.

సాయంత్రం వెళ్ళి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. డబ్బాలో అదే మెరిసే రంగు, టెంపరేచర్ ముల్లు ఉండాల్సిన చోటే. తుప్పు, బోరు నీళ్ళ ఉప్పు కలిసి రేడియేటర్ సన్నటి గొట్టాలను మూసెయ్యడానికి చాలా కాలం పడుతుంది. అప్పటికి నింద ఎండ మీదకో, ఘాట్ రోడ్డు మీదకో పోతుంది. ‘పాత బండి కదా’ అని సరిపెట్టుకుంటాం.

ఇంజన్ ఆయిల్‌కి డిప్‌స్టిక్ ఉంది కదా అనొచ్చు. కానీ డిప్‌స్టిక్ మట్టం చెబుతుంది, కొంచెం రంగు చెబుతుంది. ఆ రంగును కూడా పూర్తిగా నమ్మలేం. మసిని తనలో పట్టి ఉంచడం ఆయిల్ చెయ్యాల్సిన పనే, అందుకే మంచి ఆయిల్ కూడా నల్లబడుతుంది. ఫిల్టర్ మార్చారో లేదో డిప్‌స్టిక్ ఎప్పటికీ చెప్పదు.

ప్లేటో ‘రిపబ్లిక్’ రెండో భాగంలో గ్లాకన్ ఒక కథ చెబుతాడు. లిడియాలో ఒక గొర్రెలకాపరికి ఉంగరం దొరుకుతుంది. దాని పొడి లోపలికి తిప్పితే మనిషి ఎవరికీ కనబడడు. వాడు రాణిని లోబరచుకుని, రాజుని చంపి, రాజ్యం తీసుకుంటాడు. పట్టుబడని చోట కూడా న్యాయంగా ఉండేవాడు ఎవడైనా ఉంటాడా అని గ్లాకన్ ప్రశ్న. మనం దాన్ని ఊహాలోకపు ప్రశ్న అనుకుంటాం. మెకానిక్ మాత్రం ప్రతి రోజూ పొద్దున్నే ఆ ఉంగరం తొడుక్కునే పనిలోకి దిగుతాడు.

గ్లాకన్ అక్కడితో ఆగడు. అన్యాయం చేస్తూ మంచివాడన్న పేరు తెచ్చుకున్నవాడినీ, న్యాయంగా ఉండి చెడ్డపేరు మోసేవాడినీ పక్కపక్కన నిలబెట్టి, ఎవరి బతుకు మేలో చెప్పమంటాడు. షెడ్డుల్లో జరిగేది అచ్చం ఇదే. అరగంటలో తక్కువకి చేసి ఇచ్చినవాడు మనకి ‘మంచి మెకానిక్’. ‘బండి సాయంత్రం దాకా ఉంచాలన్నా, నీళ్ళు మూడుసార్లు మార్చాలి’ అన్నవాడి మీద అనుమానం. డబ్బులు గుంజడానికి సాగదీస్తున్నాడనుకుంటాం. అంటే ఆ ఉంగరానికి మెరుగు పెట్టేది మనమే.

మరి ఎవరూ చూడని, చూసినా మెచ్చుకోని పనిని సరిగ్గా ఎందుకు చెయ్యాలి? ప్లేటో సమాధానం ఆత్మలో ఉండాల్సిన క్రమం గురించి. దాన్నే షెడ్డు భాషలో చెప్పొచ్చనుకుంటాను. చెయ్యని పనిని చేసినట్టు చెప్పే మెకానిక్ ముందు తన తెలివినే పోగొట్టుకుంటాడు. అదే కారు ఏడాది తర్వాత వేడెక్కి వస్తే, రోగం వాటర్ పంపుదా, తను కడగకుండా వదిలేసిన గొట్టాలదా అతనికి తెలియదు. తన నిన్నటి పనిని తనే నమ్మలేడు. చూపుకి సరిపోతే చాలనుకునే చెయ్యి, తేట నీళ్ళు ఎలా ఉంటాయో మెల్లగా మరిచిపోతుంది. మోసపోయిన మనకి పోయేది ఒక రేడియేటర్. అతనికి పోయేది పనితనం.

ఇలా అని నీతి మొత్తం అతని నెత్తిన పెట్టి మనం ఇంటికి వెళ్ళిపోలేం. కారులోంచి దిగిన మూడు నాలుగు లీటర్ల నల్ల నూనె ఎక్కడికి పోతుందని మనలో ఎంతమంది అడుగుతాం? 2016 నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. పాత కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం కూడా. నేల మీద పారబోస్తే వీధికుక్క నాకి చచ్చిపోవచ్చు. కారు గేటు దాటగానే ఇవేవీ మనకి కనబడవు. అక్కడ ఉంగరం మన వేలికే ఉంది.

కొందరు మెకానిక్‌లు కొత్త ఫిల్టర్ వచ్చిన అట్టపెట్టెలోనే పాత ఫిల్టర్ పెట్టి చూపిస్తారు. మంచి అలవాటే. మూడోసారి దింపిన నీళ్ళని మాత్రం అలా అట్టపెట్టెలో పెట్టి ఇవ్వలేరు. ఆ నీళ్ళ కోసం పట్టే పూటకి బేరం ఆడకుండా డబ్బివ్వడం, పాత నూనె ఎవరు పట్టుకెళ్తారని అడగడం మన చేతిలో ఉన్న పనులు. ఇవి చేసినా బండి నిన్నటిలాగే నడుస్తుంది, చేసినట్టు ఎవరికీ తెలియదు.