ఆయువు తీరిందనడం ఓదార్పా, సాకా?

ఆసిఫాబాద్ జిల్లా దహెగాం మండలంలో దిగిడ అనే చిన్న పల్లె ఉంది. 2020 నవంబరు 11న అక్కడ పులి దాడిలో 22 ఏళ్ల యువకుడు మరణించాడు. అదే నెల 29న పెంచికల్‌పేట మండలం కొండపల్లిలో పత్తి చేనుకు వెళ్లిన ఒక అమ్మాయి పులికి బలయింది. సరిగ్గా నాలుగేళ్ల తర్వాత, 2024 నవంబరు 29న, కాగజ్‌నగర్ మండలం గన్నారం దగ్గర 21 ఏళ్ల యువతి అలాగే ప్రాణం కోల్పోయింది.

అడవి అంచున ఉన్న పల్లె ఒక ద్వీపం లాంటిది. అక్కడ ఒక పడుచు ప్రాణం పోతే ప్రతి ఇంట్లోనూ మనిషి పోయినట్లే ఉంటుంది. అలాంటప్పుడు పరామర్శకు వెళ్లినవారు సాధారణంగా అనే మాట ఒకటుంది: "ఆయువు తీరింది, రాత అంతే!" ఇది ఓదార్పా? లేక బాధ్యత తప్పించుకునే సాకా?

మరణ ఘడియ అల్లాహ్ నిర్ణయించినదేనన్నది మన విశ్వాసం. అయితే ఈ విశ్వాసం కన్నీటిని నిషేధించలేదు. పసివాడైన తన కుమారుడు ఇబ్రాహీమ్ మరణించినప్పుడు దైవప్రవక్త (సల్లం) కంటతడి పెట్టారు. అది చూసి ఆశ్చర్యపోయిన సహచరునికి, ఇది కారుణ్యమని తెలియజేశారు. హజ్రత్ జాఫర్ (రజి) ముఅతా యుద్ధంలో అమరులైన వార్త అందినప్పుడు, ఆయన ఇంటివారికి భోజనం వండి పంపమని ఆదేశించారు. దుఃఖంలో ఉన్న ఇంట పొయ్యి వెలగదని ఆయనకు తెలుసు. ఒకసారి ఒక యూదుని శవయాత్ర సాగిపోతుంటే ఆయన లేచి నిలబడ్డారు. చనిపోయింది యూదుడని ఎవరో గుర్తుచేస్తే, అదీ ఒక ప్రాణమే కదా అని ప్రశ్నించారు. కనుక పొరుగువారింట చావు జరిగితే వారి మతమేదని అడిగి అడుగు వేయనక్కరలేదు.

ఇక విధివ్రాత మాట. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు ప్రయాణమైనప్పుడు అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసి మధ్యలోనే వెనుదిరిగారు. అల్లాహ్ విధి నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, అల్లాహ్ విధి నుండి అల్లాహ్ విధి వైపుకే వెళుతున్నామని బదులిచ్చారు. జాగ్రత్త పడటమూ విధిలో భాగమేనన్నమాట!

మహారాష్ట్రలోని తాడోబా అడవుల నుండి పులులు ఈ దారిన వస్తుంటాయి. పత్తి ఏరే రోజుల్లో చేలల్లో మనుషులు ఉండక తప్పదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి "రాత అంతే" అంటే అది సహనం. కూలీలను ఒంటరిగా, చీకటి ఉండగానే చేనుకు పిలిచే ఆసామి అదే మాట అంటే అది సాకు. గుంపుగా వెళ్లేలా చూడటం, పొద్దెక్కాక పని మొదలుపెట్టించి పొద్దుండగానే ఇంటికి పంపడం, అటవీ సిబ్బంది హెచ్చరికను చెవిన పెట్టడం అతని బాధ్యత.

సోదర సోదరీమణులారా! విధి మీద విశ్వాసం జరిగిపోయినదానికి ఓదార్పు. జరగబోయేదానికి అది సాకు కాదు. ఈసారి పరామర్శకు వెళ్లినప్పుడు ఆ మాట ఒక్కటే పట్టుకెళ్లకండి. ఒక పూట అన్నం పట్టుకెళ్లండి. మరో ఇంట అలాంటి చావు రాకుండా మన చేతిలో ఏముందో కూడా ఆలోచించండి. దుఃఖితుల హృదయాలకు అల్లాహ్ శాంతినీ, మనకు బాధ్యతా స్పృహనూ ప్రసాదించుగాక! ఆమీన్.