పైవానికి కూలి యెంత?

గుంపుతో దేశములు చూచుటయందు నాకు చిరకాలముగ చిన్నచూపు గలదు. ముందొక పిల్ల చేత జెండా పట్టుకొని నడచుచుండ, వెనుక ఇరువదియిద్దరు మెడలలో ఒకే రంగు చీటీలు వ్రేలాడవేసికొని, తప్పిపోదుమేమో యను భయముచేత కట్టడమును గాక ఆ జెండానే చూచుచు సాగునట్టి యాత్ర యాత్రయే కాదనియు, తనకు తోచినచోట తోచినంతసేపు నిలువగల ఏకాకియే చూడవలసినదానిని చూచుననియు పలువురతో వాదించియున్నాను. అట్టి నేను వయోభారముచేత కొంతయు, భాషాభయముచేత కొంతయు ఒక బృందమున చేరి పదునొకండు దినములు చైనా తిరిగి వచ్చితిని. ఆ యభిప్రాయము ఇప్పుడు నాకు లేదు. దానికి కారణము చైనా కాదు. బస్సులో నా ప్రక్క కూర్చుండిన చీరాల పెద్దాయన.

ఆయన యేబదియేండ్లు గుంటమగ్గమున పనిచేసినవాడు. కూతురు టిక్కెట్టు కొని పంపినది. మహాకుడ్యమువద్ద మోకాళ్ళు సహకరింపక మొదటి బురుజు నీడనే చతికిలబడి, మేము దిగివచ్చువఱకు పులిహోర డబ్బా కాపలా కాచెను. 1420లో వెలసిన బీజింగు స్వర్గాలయమున, 1889లో పిడుగుపాటున దగ్ధమై మరల లేచిన ఆ గుండ్రని మందిరమున, ఇనుపమేకు లేకుండ దూలములను నిలిపిన ఇరువదియెనిమిది కంబములను నేను లెక్కించుచు, నడుమ నాలుగు ఋతువులకు, వాని చుట్టు పండ్రెండు మాసములకు, ఆ వెలుపలి పండ్రెండు దినమునందలి కాలభాగములకు గుర్తులని తెలిసికొని పరవశుడనగుచుండ, ఆయన, చక్రవర్తి ఇచ్చట నిలిచి పంటలకై ప్రార్థించెడివాడను మాట యొక్కటే పట్టుకొని, "పంట పండితేనే కదండీ మాస్టారూ, చీర అమ్ముడయ్యేది" అనెను. ఆ మాటను నేనంతగా లక్ష్యపెట్టలేదు.

మరునాడు మీనాపని కార్ఖానాకు తీసికొనిపోయిరి. పదునేనవ శతాబ్దిలో చింగ్‌తాయ్ చక్రవర్తి కాలమున ప్రసిద్ధికెక్కుటచే ఈ విద్యకు చింగ్‌తాయ్ నీలమని పేరు. రాగి కూజాపై పూల తీగెలను, మేఘములను, రెక్కలను, వెండ్రుకవలె సన్నని రాగితీగెను చిమటాతో వంచి వంచి అంటింతురు; ఆ గడులలో రంగుగాజు పొడిని నింపి కాల్తురు; కాలిన పొడి కరగి క్రుంగును గనుక మరల నింపి మరల కాల్తురు; గడులు అంచువఱకు నిండిన పిమ్మట సానపట్టి, తీగె తలకు బంగారుపూత వేయుదురు. ఒక నడివయసు స్త్రీ తలయెత్తకుండ ఒక రేకకు తీగె చుట్టుచుండెను. నేను ఆహా యంటిని. మాకిచ్చిన గంటలో పని చూచుటకు పది నిమిషములు, అంగడి చూచుటకు యేబది నిమిషములు. పెద్దాయన అంగడిలోనికి రాలేదు, ఆ స్త్రీ వెనుకనే నిలిచి, బయలుదేరు వేళకు నాతో, "ఆమె మెడ చూశారా? ఎడమవైపుకు ఒరిగిపోయింది. మా ఆవిడకీ అంతే" అనెను. నేను చూడలేదు. నేను కూజాను చూచితిని.

షియాన్ నగర సమీపమున, 1974లో రైతులు బావి త్రవ్వుచుండ బయల్పడిన మట్టిసైన్యమును చూచినప్పుడును ఇట్లే జరిగినది. ఎనిమిదివేల వఱకు ఉండునని అంచనా వేయబడిన ఆ యోధుల ముఖములు ఒకదానిని పోలి యొకటి లేకుండుటయు, చైనా మొదటి చక్రవర్తి చావునుగూడ దండెత్తి జయింపనెంచుటయు నా మనస్సును నింపివైచినవి. కొన్ని బొమ్మల మేన పనివాండ్ర పేర్లు అచ్చొత్తియున్నవని మార్గదర్శకురాలు చెప్పగా, రెండువేల రెండువందల యేండ్ల పిమ్మట శిల్పి కీర్తి నిలిచినదిగదా యని నేను పొంగితిని. కీర్తికి గాదట! పనిలో లోపమున్నచో ఎవనిని పట్టుకొనవలెనో తెలియుటకట. పెద్దాయన నవ్వెను. "మా సొసైటీలోనూ చీర కొంగుకి పేరు రాసిన చీటీ కట్టేవాళ్ళండి. తప్పు దొరికితే కూలి కోసుకోడానికి."

అదే నగరమున మహాహంస గోపురము గలదు. పదునేడేండ్లు ఎడారులు, మంచుకొండలు, రాజ్యములు దాటి మన దేశమెల్ల తిరిగి, కృష్ణాతీరమున ధాన్యకటకములో కొన్ని మాసములు నిలిచి అచ్చటి భిక్షువులయొద్ద అభిధర్మము చదివి, 645లో తిరిగి వచ్చిన హ్యూయన్ త్సాంగు తెచ్చిన గ్రంథములను భద్రపఱచుటకై 652లో కట్టినది. మన ఊరి మనుష్యులకు శిష్యుడై, వారికి గురువునై వెళ్ళిన యాత్రికుడు ఆయన. మాకు అచ్చట ముప్పది నిమిషములు.

ఇక నాన్‌జింగు. అచ్చటి పట్టునేతకు యున్‌చిన్ అని, అనగా మేఘపట్టు అని, పేరు. మన యవ్వల కథలలో రాకుమార్తెలు కట్టు చీనిచీనాంబరములు ఎట్టివో నాకు ఆ దినమున తెలిసినవి: బంగారు పోగులు, నెమలిపింఛపు పోగులు కలిపి నేసిన ఆ వస్త్రమును కదల్చినకొలది రంగు మారుచుండును. మగ్గము నాలుగు మీటర్ల యెత్తు, అయిదున్నర మీటర్లకు మించిన పొడవు. ఇద్దరు మనుష్యులు: ఒకడు క్రింద కూర్చుండి పేకను పరపును, వేఱొకడు మగ్గపు నెత్తిన కూర్చుండి, చిత్తరువంతయు ముందే ముడులుగా నిక్షేపించియుంచిన త్రాళ్ళను వరుస తప్పక లాగి, ఏ పడుగుపోగు ఎప్పుడు లేవవలెనో అప్పుడు లేపును. దినమంతయు శ్రమించిన నేత అయిదారు సెంటీమీటర్లకు మించదు. 2009లో యునెస్కో దీనిని మానవజాతి వారసత్వముగ గుర్తించినది.

పెద్దాయన మగ్గము ముందు నిలిచిపోయెను. చాలసేపటికి, "మా జకార్డు అట్టలు చేసే పనంతా పైనాయన చేతులు చేస్తున్నాయండీ" అనెను. పిమ్మట వ్రేళ్ళ కణుపులపై లెక్క వేసికొనెను. రోజుకు రెండంగుళాలు, ఆరు గజాలంటే రెండువందల పదహారు అంగుళాలు, నూట యెనిమిది రోజులు. జపమాలకు సరిపోయిన ఆ సంఖ్య విని నేను ఏదియో వేదాంతము చెప్పబోవుచుండగనే, ఆయన మార్గదర్శకురాలి వంక తిరిగి, "అమ్మాయ్, ఆ పైనాయనకి కూలెంత?" అనెను. నేను ఆంగ్లమున చెప్పితిని. ఆమె లోనికి పోయి అడిగి వచ్చి, ఎంతో వినయముతో, గజము గుడ్డ వెల యెంతయో చెప్పెను.

అద్భుతరసమునకు విస్మయము స్థాయీభావమని ఆలంకారికులు చెప్పిరి, దానిని నవరసములలో కూర్చుండబెట్టిరి. నాకిప్పుడు తోచునదేమనగా, విస్మయమునందు ఒకవిధమగు సోమరితనము గలదు. ఆహా యన్నవాడు అచ్చటితో తన బాధ్యత తీరినదనుకొనును. వస్తువును మానవాతీతము చేసి, దాని వెనుకనున్న మనుష్యుని మర్యాదగా తప్పించును. నేత యెఱిగినవానికి విస్మయము చాలదు. వాడు తెగిన పోగును చూచును, తప్పిన వరుసను చూచును, ఒరిగిన మెడను చూచును, సాయంకాలము చేతికి వచ్చు రూకలను అడుగును. అతనిది గౌరవములేని చూపని మొదట నాకు తోచినది. గౌరవము లేనిది నా చూపే.

చరిత్రయు నావలెనే చూచినది. చక్రవర్తుల కాలమున నాన్‌జింగు నేతశాలపై అధికారము వహించిన త్సావ్ యిన్ పేరు గ్రంథములలో గలదు. ఆయన వంశమున పుట్టి, ఆ యైశ్వర్యము నశించిన పిదప 'ఎఱ్ఱమేడ స్వప్నము' అను నవల వ్రాసిన త్సావ్ ష్వేచిన్ పేరు లోకమంతయు ఎఱుగును. మగ్గపు నెత్తిన త్రాళ్ళు లాగినవారి పేర్లు, తప్పు చేసినను చేయకున్నను, నేను చూచిన చీనాంబరములపై నాకు కనబడలేదు.

షాంఘైని గూర్చి వ్రాయుటకు నాయొద్ద ఏమియు లేదు. ఎత్తైన మేడలు, వాన, విమానాశ్రయము. అందరి సంచులును బరువెక్కినవి. పెద్దాయన మాత్రము నాన్‌జింగు మగ్గము క్రింద ఊడ్చివేయనున్న తెగిన పోగులను, నేతగాని సైగతో అడిగి, జానెడంత తెచ్చుకొనెను. బస్సులో దానిని మెలిద్రిప్పి, తడిచేసి, వెలుతురున కెత్తి, "పట్టు మంచిదే" అని తీర్పు చెప్పి జేబులో పెట్టుకొనెను.

మీరును ఎప్పుడైన గుంపుతో బయలుదేరుదురేని, ఆ గుంపులో ఒక నేతగాడో, వడ్రంగియో, కుమ్మరియో ఉన్నాడేమో ముందుగ విచారింపుడు. ఉన్నచో కిటికీ ప్రక్క చోటు వదులుకొని యైన ఆయన ప్రక్క కూర్చుండుడు.