మంచం పక్కన మాట్లాడే ఇంగ్లిషు

తల్లీ,

హైదరాబాదులో స్టాఫ్ నర్సుగా చేరావని మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. చాలా సంతోషం. ఆ వెంటనే ఇంకో మాట కూడా చెప్పింది. వార్డులో ఇంగ్లిషు మాట్లాడాల్సి వస్తే నీకు గొంతు పెగలడం లేదట. నీతోపాటు చేరిన కేరళ అమ్మాయిలు గడగడా మాట్లాడుతుంటే నువ్వు ఫైళ్లు సర్దే పని కల్పించుకుని పక్కకు తప్పుకుంటున్నావట. నీకు చిన్నమ్మమ్మనే కాదు, జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిషు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కూడా. అందుకే ఈ ఉత్తరం. డ్యూటీ దిగాక తీరిగ్గా చదువుకో.

నీకు ఇంగ్లిషు రాదన్నది మొదట మనసులోంచి తీసెయ్. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగు ఇంగ్లిషులోనే చదివి పాసయ్యావు. డిస్ప్నియా మీద రెండు పేజీలు రాయమంటే ఇప్పటికిప్పుడు రాస్తావు. ఎడీమా ఎందుకొస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్తావు. అదే, ఆయాసపడుతున్న మనిషి పక్కన నిలబడి ఊపిరి అందుతోందా అని అడగాల్సి వచ్చేసరికి మాట రాదు. ఇందులో నీ తప్పేమీ లేదు. మన చదువుల్లో పరీక్షకు పనికొచ్చే పెద్ద మాటలు నేర్పారు, మనిషితో మాట్లాడే చిన్న మాటలు వాటంతటవే వస్తాయనుకుని వదిలేశారు. అవి వాటంతటవి రావు. పేషెంటుకు నీ పెద్ద మాటలతో పనిలేదు. డిస్ప్నియా అతనికి "షార్ట్ ఆఫ్ బ్రెత్". ఎడీమా వట్టి "స్వెల్లింగ్". "ఆర్ యూ షార్ట్ ఆఫ్ బ్రెత్?" అని అడిగావంటే, చదువుకున్నవాడికీ చదువుకోనివాడికీ ఒక్కలాగే అర్థమవుతుంది.

చిన్న మాటలంటే చులకన వద్దు. సి.కె. ఆగ్డెన్ అనే ఇంగ్లండు పండితుడు 1930లో బేసిక్ ఇంగ్లిష్ అని ఒక పద్ధతి తెచ్చాడు. 850 మాటలు వస్తే రోజువారీ వ్యవహారం నడిచిపోతుందని ఆయన లెక్క. వాటిలో క్రియలు 18 మాత్రమే. అమెరికా వాళ్ల రేడియో వాయిస్ ఆఫ్ అమెరికా 1959లో స్పెషల్ ఇంగ్లిష్ పేరుతో, సుమారు 1500 మాటలు దాటకుండా, నెమ్మదిగా చదివే వార్తలు మొదలుపెట్టింది. ప్రపంచ వార్తలన్నీ అన్ని మాటల్లో ఇమిడినప్పుడు ఒక్క వార్డు ఇమడదా?

ఆగ్డెన్ ఎంచిన క్రియల్లో కొన్నిటిని నీ డ్యూటీకి తీసుకెళ్లి చూడు. టేక్, పుట్, గెట్, గివ్, కీప్, లెట్, సీ. "టేక్ ఎ డీప్ బ్రెత్." "పుట్ యువర్ హ్యాండ్ హియర్." "కీప్ యువర్ ఆర్మ్ స్ట్రెయిట్." "లెట్ మీ సీ ద ఊండ్." "కెన్ యూ గెట్ అప్?" ఈ ఏడు క్రియలతోనే పొద్దుటి రౌండ్లో సగం పని అయిపోతుంది. వీటికి "లై డౌన్", "సిట్ అప్", "టర్న్ ఓవర్" కలుపుకో. మనిషిని పడుకోబెట్టడానికీ, లేపి కూర్చోబెట్టడానికీ, పక్కకు తిప్పడానికీ ఆ మూడూ చాలు.

ఇక మన తెలుగువాళ్లు ఎక్కువగా తడబడే చోటు ఒకటుంది. మనం "నాకు" అని మొదలుపెట్టే మాటల్లో చాలావాటికి ఇంగ్లిషులో "ఐ" వస్తుంది. నాకు తెలుసు, "ఐ నో". నాకు అర్థం కాలేదు, "ఐ డోంట్ అండర్‌స్టాండ్". నాకు ఆకలేస్తోంది, "ఐ యామ్ హంగ్రీ". నాకు ఇద్దరు పిల్లలు, "ఐ హ్యావ్ టూ చిల్డ్రన్". బుర్రలో "నాకు"ను తర్జుమా చేస్తూ "టు మీ" దగ్గర ఆగిపోయే పిల్లల్ని నేను బడిలో ఎంతోమందిని చూశాను. "నాకు ఇవ్వండి", "నాకు చెప్పండి" లాంటి చోట్ల "గివ్ మీ", "టెల్ మీ" అవుతుంది కానీ, ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పేటప్పుడు "ఐ"తో మొదలుపెడితే సగం వాక్యం దానంతటదే వచ్చేస్తుంది.

నొప్పి గురించి మాట్లాడేటప్పుడు మాత్రం కాస్త శ్రద్ధ కావాలి. నీ ఉద్యోగంలో అన్నిటికంటే విలువైన మాటలు అక్కడున్నాయి. మన భాషలో నొప్పికి ఎన్ని రకాలో నీకు తెలుసు. పోటు వేరు, సలుపు వేరు, మంట వేరు, తీపు వేరు. ఇంగ్లిషులోనూ అలాగే ఉన్నాయి. పోటు పొడిచినట్టుంటే "స్టాబింగ్", సలుపుతుంటే "త్రాబింగ్", మండుతుంటే "బర్నింగ్", ఒళ్లంతా తీపులుగా ఉంటే "ఏకింగ్". "వేర్ డజ్ ఇట్ హర్ట్?" అని చోటు అడుగు. తర్వాత "ఈజ్ ఇట్ షార్ప్ ఆర్ డల్?" అని తీరు అడుగు. ఎప్పట్నుంచో అడగాలంటే "వెన్ డిడ్ ఇట్ స్టార్ట్?" చాలు. డాక్టరు వచ్చేలోపు ఈ మూడింటికి జవాబులు రాసిపెట్టిన నర్సును ఏ డాక్టరూ మరిచిపోడు. కళ్లు తిరుగుతున్నాయంటే "ఐ ఫీల్ డిజీ", అక్కడ కళ్ల ప్రస్తావనే ఉండదు. తిమ్మిరెక్కితే "నంబ్". కడుపులో తిప్పితే "ఐ ఫీల్ సిక్". ఈ చివరిది బాగా గుర్తుపెట్టుకో. ఇంగ్లండు మనిషి ఆ మాట అన్నాడంటే చాలాసార్లు వాంతి వచ్చేలా ఉందని అర్థం. ఒంట్లో బాగాలేదు కాబోలని ఊరుకోకుండా ట్రే అందించాలి.

ఇంకో సంగతి. మన ఆసుపత్రుల్లో అందరం ఇంగ్లిషు అనుకుని వాడే మాటలు కొన్ని బయటివాళ్లకు అంతుపట్టవు. "సుగరు ఉందా, బీపీ ఉందా" అని మనం అడుగుతాం. బీపీ ప్రాణమున్న ప్రతి మనిషికీ ఉంటుంది కదా, పైదేశపు పేషెంటు తెల్లమొహం వేస్తాడు. "డు యూ హ్యావ్ డయాబెటిస్?", "డు యూ హ్యావ్ హై బ్లడ్ ప్రెషర్?" అని పూర్తిగా అడుగు. మోషన్ అయిందా అన్నా అంతే, "బవెల్ మూవ్‌మెంట్" అంటే తెలుస్తుంది. కరెంటు పోతే "ద పవర్ ఈజ్ అవుట్". అన్నిటికంటే ముఖ్యంగా, ఒక మనిషి చనిపోయినప్పుడు "ఎక్స్‌పైర్ అయ్యారు" అనే అలవాటు మన దగ్గర పాతుకుపోయింది. రికార్డుల్లో ఏం రాస్తారో నాకు అనవసరం, ఆ కుటుంబం ముందు మాత్రం ఆ మాట వాడకు. మందుల డబ్బా మీద ఉండే మాట అది. "హీ పాస్డ్ అవే. ఐ యామ్ సో సారీ" అను. సారీ అంటే తప్పు ఒప్పుకున్నట్టని భయపడి చాలామంది నోరు మూసుకుంటారు. కష్టంలో ఉన్నవాళ్ల దగ్గర మనం "అయ్యో" అనే చోట ఇంగ్లిషువాళ్లు అనేది ఆ మాటే.

మర్యాద సంగతి కూడా చెప్తాను. "చెయ్యి చాపండి" అన్నప్పుడు మన మర్యాద ఆ "అండి"లోనే ఉంది, వేరే మాట అక్కర్లేదు. ఇంగ్లిషు క్రియకు ఆ తోక లేదు. అదే మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లిషులో పెడితే పెద్దాయన మీద కేకేసినట్టుంటుంది. అందుకే ముందు "కుడ్ యూ", చివర "ప్లీజ్". "కుడ్ యూ రోల్ అప్ యువర్ స్లీవ్, ప్లీజ్?" మన ఇళ్లలో సొంతవాళ్లకు థాంక్యూ చెప్తే వేరు చేసి చూసినట్టు నొచ్చుకుంటారు. ఇంగ్లిషులో మాత్రం ఎంత చిన్న సాయానికైనా ఆ మాట అనాలి, వీల్‌చైర్ తెచ్చిన వార్డుబాయ్‌కి కూడా. సూది గుచ్చే ముందు "ఇట్ మే హర్ట్ ఎ లిటిల్" అని నిజం చెప్పు. నొప్పే ఉండదని చెప్పి గుచ్చితే రెండోసారి నిన్ను నమ్మరు.

గది దాటేటప్పుడు మన అలవాటు కొద్దీ "వస్తాను" అంటాం, అంటే వెళ్తున్నామని. దాన్ని "ఐ విల్ కమ్" అని వచ్చేస్తే ఆ పేషెంటు నీ కోసం కళ్లు తెరుచుకుని చూస్తుంటాడు. తిరిగి వచ్చేదుంటే "ఐ విల్ బి బ్యాక్ ఇన్ టెన్ మినిట్స్" అని చెప్పి, పది నిమిషాల్లో వెళ్లు. షిఫ్టు అయిపోతే ఆ ముక్కే చెప్పి, తర్వాత వచ్చే సిస్టర్ పేరు చెప్పు. అలాగే మన తల ఊపుడు. అవునన్నా సరేనన్నా మనం తల పక్కలకు ఊపుతాం, పైదేశంవాళ్లకు అది కాదన్నట్టు కనిపిస్తుంది. నోటితో "యెస్" అను.

యాస గురించి బెంగ పెట్టుకోకు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్సు, బెడ్డు, పల్సు అంటాం. ఆ చివరి ఉకారాన్ని కాస్త కత్తిరిస్తే చాలు, అంతకుమించి నాలుక మెలితిప్పాల్సిన పనిలేదు. కేరళ పిల్లలది మలయాళం యాస, డాక్టరుది ఏ రాష్ట్రమైతే ఆ యాస. వైద్యానికి ఆఫ్రికా నుంచో గల్ఫ్ నుంచో హైదరాబాదు వచ్చినవాళ్లలో చాలామంది నీలాగే ఇంగ్లిషును బడిలో నేర్చుకున్నవాళ్లే. వాళ్లూ మాటల కోసం తడుముకుంటూనే ఉంటారు. నువ్వు నెమ్మదిగా, చిన్న వాక్యాల్లో మాట్లాడితే వాళ్లకు ప్రాణం లేచివస్తుంది. గడగడా మాట్లాడటం మంచి ఇంగ్లిషుకు గుర్తు కాదు, ఆసుపత్రిలో అసలే కాదు.

ఎలా నేర్చుకోవాలంటావా? ముప్పై రోజుల్లో ఇంగ్లిషు అని బస్టాండుల్లో అమ్మే పుస్తకాలు నీకు పనికిరావు. వాటిలో మార్కెట్టు ఉంటుంది, సెలవు చీటీ ఉంటుంది, నీ వార్డు ఉండదు. మన గిడుగు రామ్మూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. ఆ మాట మాట్లాడేవాళ్ల నోటి నుంచే విని, రాసుకుని, తిరిగి వాళ్లతోనే మాట్లాడి నేర్చుకున్నారు. ఆ కృషి మీదే 1931లో సవర భాషకు వ్యాకరణం వెలువరించారు. నీకు అంతకంటే సులువు, అందరూ చుట్టూనే ఉన్నారు. ఏప్రాన్ జేబులో పట్టే చిన్న నోటుబుక్కు పెట్టుకో. సీనియర్ సిస్టర్ పేషెంటుతో అన్న మాట నచ్చితే విడి మాటగా కాదు, వాక్యం వాక్యంగా తెలుగు అక్షరాల్లోనైనా రాసుకో. రాత్రి హాస్టల్లో రూమ్మేటును మంచం మీద కూర్చోబెట్టి ఆ వాక్యాలు పైకి అను. మనసులో చదువుకుంటే కంటికి వస్తుంది గాని నోటికి రాదు. మర్నాడు అదే వాక్యం నిజంగా ఒక పేషెంటుతో అన్నావంటే ఇక అది నీదే. "టుడే మార్నింగ్" అంటే తప్పనీ, "దిస్ మార్నింగ్" అనాలనీ ఎవరైనా దిద్దితే దిద్దించుకో, అంతేగాని ఆ భయంతో మాట మింగకు. ఇలాంటి తప్పులు ఎవరి ప్రాణం మీదకూ రావు.

ప్రాణం మీదకు వచ్చేది వేరే ఉంది. అర్థం కాకుండా "యెస్ డాక్టర్" అనడం. ఈ ఉత్తరం మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే దీన్నే గుర్తుంచుకో. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోనులో ఒక్కలాగే వినిపిస్తాయి. థర్టీన్, థర్టీ కూడా అంతే. 15 మిల్లీగ్రాములకూ 50కీ ఎంత తేడానో నీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే డోసు విన్నప్పుడు అంకెలు విడదీసి తిరిగి అడగాలి: "వన్ ఫైవ్, ఆర్ ఫైవ్ జీరో?" మందు పేరు అనుమానంగా ఉంటే "కుడ్ యూ స్పెల్ ఇట్, ప్లీజ్?" డాక్టరు ఫోనులో ఆర్డరు ఇస్తే ముందు రాసుకుని, తర్వాత "లెట్ మీ రీడ్ ఇట్ బ్యాక్" అని చదివి వినిపించి, ఆయన అవునన్నాకే సిరంజి చేతిలోకి తీసుకో. ఇది ఇంగ్లిషు రానివాళ్ల కోసం పెట్టిన పద్ధతి కాదు. ఇంగ్లిషే ఇంటిభాష అయిన దేశాల్లోనూ నర్సులు ఇలాగే తిరిగి చదువుతారు.

అడిగితే తక్కువగా చూస్తారనుకుంటున్నావేమో. ఒకరిద్దరు విసుక్కోవచ్చు, విసుక్కోనీ. నీ చేతిలో ఉన్నది ఎవరి ఇంట్లోనో నాన్న, ఎవరి ఇంట్లోనో పసిబిడ్డ. "సారీ, కుడ్ యూ సే దట్ అగైన్?" అనే వాక్యాన్ని ఈ రాత్రి పడుకునే ముందు నోరు తిరిగేదాకా పైకి అను. రేపు డ్యూటీలో డాక్టరు చెప్పినదాంట్లో ఒక్క మాట అర్థం కాకపోయినా తల ఊపి కదలకు తల్లీ. అక్కడే నిలబడి అడుగు.

ఆశీస్సులతో,
మీ చిన్నమ్మమ్మ